వెయ్యి మీటర్ల పైన నువ్వు

“అది కాదే అల్బీనా, ఆ జలపాతం దాకా వెళ్ళినవాళ్ళెవరైనా అక్కడే ఆగిపోతారా? ఇంకాస్త పైకెక్కితే ఏడు సరస్సులు. జనం వెళ్ళేదే వాటికోసం. నువ్వేమో సరిగ్గా మెట్లయిపోయిన చోట గీత గీసేసి కూచున్నావు.”

“మోకాళ్ళున్నాయిగా జోఫ్కా.”

“నీ మోకాళ్ళకేం రోగం? మొన్న మూడో అంతస్తుకి గుమ్మడికాయ భుజాన వేసుకుని ఎక్కొచ్చావు. వట్టి చేతుల్తో వెనకాల వస్తూ రొప్పింది నేను.”

అల్బీనా పటం మీద పడిన రొట్టె పొడిని అరచేత్తో తుడిచింది. వంటింటి బల్ల చాలక పటం అంచులు రెండువైపులా దుప్పటిలా వేలాడుతున్నాయి. ఈ వాదన ఇవాళ మొదలైంది కాదు. నిన్న కాఫీల దగ్గర ఆగింది, అంతకుముందు మెట్ల మీద ఆగింది. త్రిగ్లావ్ కొండల జాతీయవనానికి విహారయాత్ర. వెళ్ళేది అల్బీనా, ఆవిడ పనిచేసిన బడిలోనే భూగోళం చెప్పి రిటైరైన వింకో మాస్టారు. సెప్టెంబరు నెలాఖరుకి ప్రయాణం. ఆ తర్వాత కొండమీద బసలన్నీ తలుపులేసేస్తారు, మంచు పడిపోతుంది, ఇక వచ్చే ఏడాది మాటే. ఎక్కడ దిగాలి, ఎక్కడ తిరగాలి, ఎక్కడ పడుకోవాలి అన్నదంతా అల్బీనాకే వదిలేశారు మాస్టారు. “మీరెక్కడికంటే అక్కడికి” అన్నారు. అన్న రోజు నుంచి ఈవిడకి కంటిమీద కునుకు లేదు.

జోఫ్కా పక్క వాటాలో ఉంటుంది. ప్తుయ్ ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ జుట్టు ఆవిడ కత్తెర కిందే నెరిసింది. చేతిలో కత్తెర లేకపోయినా నోట్లో ఉంటుంది.

“సరస్సు ఒడ్డున నడక, బానే ఉంది. పడవ, బానే ఉంది. జున్ను అమ్మే పల్లె, అదీ బానే ఉంది. మరి కొండేదే? పెళ్ళికని వెళ్ళి వీధి అరుగు మీద కూచుని వచ్చేసినట్టుంది నీ యవ్వారం.”

“కిందనుంచి ఇంకా బాగా కనపడతాయి కొండలు.”

“కిందనుంచి చూడ్డానికైతే పోయి ద్రావా నది వంతెన మీద నిలబడు. ఎండ బాగా కాస్తే పొహోర్యే కొండ ఇక్కణ్ణుంచే కనపడుతుంది. రైలు చార్జీ కూడా దండగ లేదు.”

అల్బీనా నీలం పెన్సిల్ని చెక్కుకుంటూ కూచుంది. ఆ పెన్సిలుతో పటం మీద ఆవిడ గీసిన గీత ఒకటుంది. కొండల నడుముల చుట్టూ వంకర్లు తిరుగుతూ, లోయల్లోకి దూరి బయటికొస్తూ, చీర అంచులా పోతోంది. ఆ గీతకి కిందవైపు ఉన్నవి మాత్రమే ఆవిడ ప్రయాణంలో ఉన్నాయి. పైవైపు ఒక్క చుక్క కూడా లేదు. అది వెయ్యి మీటర్ల ఎత్తు గీత.

ఎందుకంటే, వెయ్యి మీటర్లు దాటాక మీరు అన్న పిలుపు లేదు. ఈ దేశంలో పసివాడికి కూడా తెలిసిన సంగతే అది. కింద బజార్లో డాక్టరుగారు డాక్టరుగారే, జడ్జిగారు జడ్జిగారే. ఆ ఎత్తు దాటి కాలిబాట ఎక్కారంటే మాత్రం అందరూ అందరికీ నువ్వే. ముక్కూమొహం తెలియని మనిషి ఎదురైనా “ఏం, పైన గాలెలా ఉంది నీకు?” అనాల్సిందే. తాడు పట్టుకుని ఎక్కేటప్పుడు జారేవాడిని గారూ గీరూ అని పిలిచే తీరికెక్కడిది, అందుకే పుట్టింది ఆ ఆచారం అంటారు పెద్దలు. కిందికి దిగాక మళ్ళీ ఎవరి మీరు వాళ్ళకి. పైన పొరపాటున మీరు అన్నవాడు బసలో ఉన్నవాళ్ళందరికీ టీ పోయించాలి. వింకో మాస్టారు ఈ విషయంలో మరీ నిక్కచ్చి. ఏటేటా బడిపిల్లల్ని కొండకి తీసుకెళ్ళే రోజున దారిలో ఆ గీత దగ్గర నిలబడి, టోపీ ఎగరేసి, “ఇక్కణ్ణుంచి అందరూ నువ్వే” అని కేకేసేవారు. తిరిగొచ్చాక బొమ్మలు నేర్పే టీచరమ్మ బడి వంటింట్లోకొచ్చి పొట్ట పట్టుకుని నవ్వేది. “మీ వింకో మాస్టారు పైన నన్ను నువ్వంటే నువ్వన్నాడమ్మా, కింద బస్సెక్కగానే మళ్ళీ మీరు” అని.

అందరికీ నవ్వులాటే. అల్బీనాకి మాత్రం అదంటే గుండెలో రాయి.

ఆ రాయి సంగతి చెప్పాలంటే బడి వంటిల్లు చూపించాలి. అల్బీనా పద్దెనిమిదో ఏట అక్కడ గరిట పట్టింది, జుట్టంతా నెరిశాక దించింది. గిన్నెలంటే గిన్నెలా అవి, చిన్నపిల్లని కూచోబెట్టి స్నానం చేయించొచ్చు. హెడ్మాస్టరు కిటికీలోంచి తల పెట్టి “అల్బీనా, ఇలా రా” అనేవాడు. ఆవిడ “వస్తున్నానండీ, మీరు చెప్పండి” అనేది. ఆయన పోయి ఇంకో హెడ్మాస్టరు వచ్చాడు, ఈవిడకంటే పదేళ్ళు చిన్నవాడు, వచ్చిన రోజే “నువ్వేనా వంటమనిషివి?” అన్నాడు. గుమాస్తా నువ్వన్నాడు. కూరగాయల బండివాడు నువ్వన్నాడు. పిల్లల తల్లిదండ్రులు నువ్వన్నారు. ఇంట్లో మొగుడున్న కొద్ది కాలమూ పేరు పెట్టి పిలిచింది లేదు. తర్వాత అతను సరిహద్దు అవతల గ్రాట్స్‌కి పనికని పోయి అక్కడే ఇంకో ఇల్లు చూసుకున్నాడు. ఆవిడ అందర్నీ మీరు అంది. ఎప్పుడూ ఎదురు నువ్వనలేదు. అనాలని తోచనైనా లేదు.

అలాంటప్పుడు ఒకనాడు కొత్తగా వచ్చిన భూగోళం మాస్టారు కిటికీ దగ్గరికొచ్చి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, “మీకు తీరికున్నప్పుడు ఇంకొక్క గరిటెడు వేస్తారా? మీ చేతి పులుసు మా అమ్మ చేతి పులుసులా ఉందండీ” అన్నారు. అల్బీనా వెనక్కి తిరిగి చూసింది. తన వెనకాల ఎవరో గొప్పావిడ వచ్చి నిలబడిందనుకుంది. ఎవరూ లేరు. గోడకి తగిలించిన చిల్లుల గరిట ఉంది.

అదిగో, ఆనాటి నుంచీ ఆ మీరు ఆవిడది. రిటైరయ్యాక కూడా శుక్రవారం సంతలో చర్చి గోపురం పక్కన ఇద్దరూ నిలబడి కాఫీ తాగుతారు. “బాగున్నారా అల్బీనా గారూ” అన్న మాట కోసమే ఆవిడ శుక్రవారం కొత్త కోటు వేసుకుంటుంది. ఒకసారి నోట్లోంచి బయటికొచ్చిన నువ్వు మళ్ళీ లోపలికి పోతుందా? టీచరమ్మ విషయంలో పోయింది, నిజమే. టీచరమ్మకి ఊరంతా మీరే. ఒక పూట లేకపోతే ఆవిడకేం తరుగు. అల్బీనాకి ఉన్నది ఒక్కటే.

ఈ సంగతి జోఫ్కాకి తెలీదు. ఎవరికీ తెలీదు.

శుక్రవారం రానే వచ్చింది. సంతలో గుమ్మడి గింజల నూనె వాసన, పుల్లటి క్యాబేజీ పీపాల వాసన. అల్బీనా ప్రయాణం ఏర్పాట్లన్నీ నోటితోనే వప్పజెప్పింది. మాస్టారు తల ఊపుతూ విన్నారు. ఆయన పొడుగు మనిషి, సన్నం. వినేటప్పుడు కొంచెం ముందుకి వంగుతారు, బడి కిటికీ దగ్గర వంగినట్టే.

“చాలా బాగా కుదిర్చారండీ. పడవ నాకసలు తట్టనే లేదు,” అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని, “ఒక్క సందేహం. కొండెక్కడుంది అల్బీనా గారూ ఇందులో?”

“మోకాలండీ,” అంది ఆవిడ. మాట అనేశాక కుడిదా ఎడమదా అన్నది ఆలోచించుకోలేదని గుర్తొచ్చింది.

మాస్టారి మొహం మారిపోయింది. “ఎప్పట్నుంచి? డాక్టరుకి చూపించారా? అయ్యో, మొన్న మిమ్మల్ని కోట దాకా నడిపించేశానే. ఒక్క మాట అనలేదేమండీ మీరు?”

“అంత లేదండీ. ఎక్కేటప్పుడు, కొంచెం.”

“కొంచెమేంటండీ, మోకాలంటే.” టోపీ తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. “నిజం చెప్పాలంటే సరస్సుల దగ్గర బసలో మనకి రెండు పడకలు అడిగి ఉంచాను. మీరు ఊఁ అంటారేమోనని. ఆదివారం సాయంత్రం లోపు ఏదో ఒక మాట చెప్పమన్నారు. ఫరవాలేదు, వద్దని చెప్పేస్తా. సరస్సులెక్కడికి పోతాయి.”

ఆయన నవ్వారు గానీ ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు. అల్బీనాకి కాఫీ చేదెక్కింది. లేని మోకాలి నొప్పికి ఆయన నిజంగా బాధపడుతుంటే ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

“పోనీ పోక్ల్యూకా వెళ్దామా?” అన్నారు మాస్టారు ఉన్నట్టుండి. “దేవదారు అడవి, మధ్యలో పచ్చిక బయళ్ళు. నేలంతా చదును. మీ మోకాలికి ఎక్కినట్టే తెలీదు. చక్రాల కుర్చీలో కూడా తిరగొచ్చు.”

“అక్కడికే,” అంది అల్బీనా, ఆయన మాట పూర్తికాక ముందే. చదును అన్న మాట చెవిన పడగానే ప్రాణం లేచొచ్చింది. చదునైన నేల కిందే కదా ఉంటుంది. ప్తుయ్ చుట్టూ నేల చదును, ఎంత దూరం పోయినా చదును. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చూసిన చదునంతా కిందే ఉంది. ఆ ఊళ్ళో ఎవర్నడిగినా అదే చెప్తారు.

సందు మొదట్లో నుంచి ఇంటిదాకా దాదాపు పరిగెత్తింది. నిజంగా మోకాలు నొప్పున్నవాళ్ళు చూస్తే అసూయపడేలా ఎక్కింది మూడంతస్తులూ. పటం మడత విప్పి పోక్ల్యూకా వెతికింది. ఇన్నాళ్ళూ ఆ మడత విప్పనే లేదు. విప్పితే ఏముంది, ఆ అడవంతా, ఆ పచ్చిక బయళ్ళన్నీ నీలం గీతకి పైన ఉన్నాయి. గీత అంచున కూడా కాదు, బాగా పైన.

జోఫ్కా వచ్చేసరికి అల్బీనా పటం ముందు దెబ్బతిన్నదానిలా కూచునుంది.

“చదునన్నారే,” అంది.

జోఫ్కా కళ్ళజోడు పెట్టుకుని చూసింది. చూసి, కుర్చీలో కూలబడి, ఏప్రనుతో కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. “ఒసే పిచ్చిమొహమా, మేడమీద గది నేల కూడా చదునుగానే ఉంటుందే. అంతమాత్రాన అది వీధిలో ఉన్నట్టా?”

“నవ్వకు.”

“నవ్వకేం చెయ్యమంటావు? ఇప్పుడర్థమైంది నీ నీలం గీత. వెయ్యి మీటర్లు. ఆయన నువ్వంటాడని కదూ? అరవై దాటాక ఒక మగాడు నువ్వంటే బుగ్గలు కందిపోతాయా? నేనైతే ఈపాటికి ఆయన చెయ్యి పట్టుకుని శిఖరం మీద ఉండేదాన్ని.”

“సిగ్గు కాదు జోఫ్కా.”

“మరేంటి?”

అల్బీనా చెప్పింది. కిటికీ సంగతి, టోపీ సంగతి, వెనక్కి తిరిగి చూసిన సంగతి. చెప్తున్నంతసేపూ పెన్సిలు చెక్కుతూనే ఉంది. చివరికి వేలెడు ముక్క మిగిలింది.

జోఫ్కా ఖాళీ కప్పులో చెంచా పెట్టి తిప్పింది. “నేనూ నిన్ను నువ్వే అంటాను కదే,” అంది.

“నువ్వు వేరు. నిన్ను నేనూ నువ్వంటాను. వాళ్ళనెవర్నీ నేను తిరిగి నువ్వనలేదు.”

“అయితే పైన ఆయన్ని కూడా నువ్వు నువ్వనొచ్చుగా. అక్కడ రెండువైపులా ఒకటే ధర.”

ఈ మాట అల్బీనాకి ఎప్పుడూ తట్టలేదు. జోఫ్కా వెళ్ళిపోయాక పొయ్యి మీద కాగే నీళ్ళ కెటిల్ ఎదురుగా నిలబడి, “వింకో, నువ్వు...” అంది. నీళ్ళు తాగి మళ్ళీ ప్రయత్నించింది. “వింకో, నువ్వు కూచోండి.” కెటిల్ ఈల వేసింది. అది కూడా వెక్కిరించినట్టే ఉంది.

శనివారమంతా ఏం తిన్నదో, ఏం వండిందో తెలియకుండా గడిచింది. ఆదివారం మధ్యాహ్నానికి ఇక ఆగలేకపోయింది. మాస్టారు పడకలు వద్దని చెప్పేసి ఉంటే ఈ గొడవలో సగం తీరినట్టే. ఆయన చెప్పేశారని తెలిస్తే మనసు కుదుటపడుతుంది. అలా తనకి తాను నచ్చజెప్పుకుని, పటం వెనకాల అచ్చేసిన నంబరు చూసి కొండమీద బసకి ఫోను చేసింది. అవతల గిన్నెల చప్పుడు, ఎవరో నవ్వుతున్న చప్పుడు.

“చెప్పు, వింటున్నా. నేను నేజాని,” అంది ఒక పడుచు గొంతు.

అల్బీనా ఫోను చెవికి దూరంగా పెట్టి చూసింది. మళ్ళీ దగ్గర పెట్టుకుంది. “నమస్కారమండీ. నేను ప్తుయ్ నుంచి మాట్లాడుతున్నాను. కింద నుంచి.”

“నువ్వు కిందున్నావు, సరే. నేను పైనున్నాగా. ఇక్కడ ఫోనుక్కూడా నువ్వే. ఎవరి గురించి?”

“వింకో అని, రెండు పడకలు...”

“ఓ, మోకాలావిడవి నువ్వేనా?” గొంతులో చనువు చెల్లెలి చనువులా ఉంది. “పొద్దున్నే చేశాడు మీ వింకో. వద్దని చెప్పడానికే చేశాడు. మళ్ళీ, సాయంత్రం దాకా ఉంచు నేజా, ఆ మోకాలు ఏమన్నా సర్దుకుంటుందేమో చూద్దాం అన్నాడు. సర్దుకుందా?”

ఒక ముక్కూమొహం తెలియని పిల్ల తనని నువ్వంది. ఒంటిమీద తేలు పాకినట్టు ఉండాలి. లేదు. హెడ్మాస్టరు అన్న నువ్వు పైనుంచి పడేది. ఇది పక్కనుంచి వచ్చి మోచేత్తో పొడిచినట్టుంది. ఆ ధైర్యంతోనే అడిగేసింది.

“అమ్మాయీ, ఒకటడుగుతాను, నవ్వకు. అక్కడికొచ్చాక కూడా ఎవరైనా మీరే అంటానంటే ఏం చేస్తారు?”

“టీ పోయిస్తాం. అంటే, వాళ్ళ చేత పోయిస్తాం. నువ్వు రండి, నువ్వు కూచోండి అనేవాళ్ళుంటారు చూడు, వాళ్ళు సగం మందికి పోయిస్తే చాలు.” అవతల ఎవరో పకపకా నవ్వారు. “ఒక తాత వచ్చేవాడు, ముసలి తల్లిని తీసుకుని. పాతకాలం ఇల్లు, అమ్మని మీరు అనే అలవాటు. ఇక్కడ కూడా అమ్మా మీరిలా కూచోండి, అమ్మా మీకు చలేస్తోందా అనేవాడు. ప్రతిసారీ ఇంటినిండా జనానికి టీ పోయించి దిగేవాడు. వాడి మాట వాడిది, మా టీ మాది. ఎవరూ కొట్టుకోలేదు. సరే, పులుసు పొంగుతోంది. సాయంత్రానికి మాత్రం చెప్పెయ్, వేరేవాళ్ళు అడుగుతున్నారు.”

అల్బీనా ఫోను పెట్టేసింది. అంటే ఆ ఆచారం గోడ కాదన్నమాట. గుమ్మం. దాటొచ్చు, కాస్త టీ ఖర్చు. కానీ ఆ మాట ఆయన్ని అడగాలిగా. అడగాలంటే ముందు మోకాలి అబద్ధం విప్పాలి. ఆచారమంటే ప్రాణం పెట్టే మనిషి, దారిలో నిలబడి టోపీ ఎగరేసే మనిషి. “పైన కూడా నన్ను మీరే అనండి” అంటే ఏమనుకుంటారు? తనంటే ఇష్టం లేక దూరం పెడుతోందనుకుంటే? నవ్వితే? నవ్వకుండా, “నియమం నియమమేనండీ” అంటే? అప్పుడు శుక్రవారాలు ఏమవుతాయి?

ఆదివారాలు మాస్టారు చర్చిలో పాటల సాధనకి వెళ్తారు. అది ముగించుకుని ఇంటికొచ్చి నేజాకి ఫోను చేస్తారు. ఆ రెంటి మధ్యా తాను దూరాలి.

లేచి అల్మరా తెరిచింది. టీ డబ్బా మూత తీసి లోపలికి చూసింది. ఇంటికైతే నెలరోజులొస్తుంది. ఇంటినిండా కొండెక్కే జనానికైతే ఒక పూటకి చాలదు. ఎంతమందికి ఎంత పడుతుందో ఆ చేతులకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. పై అరలో విప్పని పెద్ద పొట్లం ఉంది. దాన్ని దింపి, మంచం కింద నుంచి వీపుసంచీ లాగి, అడుగున పెట్టింది. ఆయన కాదంటే మళ్ళీ అల్మరాలో పెట్టుకోవచ్చు. టీ ఏమీ పాడైపోదు.

గోడ అవతల నుంచి జోఫ్కా కేకేసింది. “ఏమైందే? పోక్ల్యూకానా, సరస్సులా?”

“ఇంకా తెలీదు.”

“ఎప్పుడు తెలుస్తుంది?”

“ఆయన ఇంటికొచ్చాక.”

కిటికీలోంచి చర్చి మెట్లు కనపడతాయి. పాటలవాళ్ళు ఒక్కొక్కరే బయటికొస్తున్నారు. పొడుగు మనిషి ఒకరు తలుపు దగ్గర ఆగి టోపీ పెట్టుకుని, ఇంటివైపు మలుపు తిరిగారు. ఆయన ఇల్లు చేరాలి, కోటు విప్పాలి. అంతకంటే ఎక్కువ వ్యవధి ఇస్తే నేజాకి చేసేస్తారు. అల్బీనా ఫోను తెచ్చి పటం మీద, నీలం గీతకి పైవైపు పెట్టుకుంది. చేతులు ఏప్రనుకి తుడుచుకుంది. మొదటి మాట సిద్ధంగా ఉంది, మిగతావి వాటంతటవే రావాలి. వింకో గారూ, నేను అల్బీనాని, మీరు ఆ అమ్మాయికి ఇంకా ఫోను చెయ్యలేదు కదా?